పాత్రాభినయ ఆటలో కొత్త పాత్ర వర్గాన్ని చేర్చడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పాత్ర వర్గం అంటే ఏమిటో, అది ఆటలో చేసే పని ఏమిటో వివరించగలుగుతారు.
• డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కొత్త వర్గాలు ఎలా చేరాయో, వాటి వల్ల వచ్చిన లాభనష్టాలేమిటో చెప్పగలుగుతారు.
• కొత్త వర్గం అవసరమా, ఉన్న వర్గంలో మార్పు సరిపోతుందా అనేది నిర్ణయించగలుగుతారు.
• సగటు లెక్కల సాయంతో మీరు తయారుచేసిన వర్గాన్ని పాత వర్గాలతో పోల్చి సరిదిద్దగలుగుతారు.

1. ప్రవేశిక

ఒక బల్ల చుట్టూ ఐదుగురు కూర్చున్నారనుకోండి. ఒకరు ఆట నిర్వాహకులు. మిగిలిన నలుగురూ ఒక్కొక్క పాత్రను ఆడుతున్నారు. అందులో ఒకరు తానే స్వయంగా తయారుచేసిన కొత్త రకం పాత్రతో వచ్చారు. ఆ పాత్ర కత్తి తిప్పుతుంది, మంత్రం వేస్తుంది, గాయాలు మాన్పుతుంది, తాళాలు తీస్తుంది. మూడు గంటల ఆటలో ప్రతి చిక్కునూ ఆ ఒక్క పాత్రే విప్పింది. తయారుచేసినవారికి ఆ సాయంత్రం సరదాగానే గడిచింది. మిగిలిన ముగ్గురూ మాత్రం పాచికలు చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నారు. వచ్చే వారం వారిలో ఇద్దరు రాలేదు.

ఈ పాఠంలోని అసలు సమస్య ఇదే. కొత్త పాత్ర వర్గాన్ని రాయడం కష్టమైన పని కాదు. ఒక కాగితం, కొంత ఊహ ఉంటే చాలు. అయితే ఆ వర్గం బల్ల దగ్గరకు వచ్చినప్పుడు మిగిలినవారి చేతిలో ఉన్న పనిని లాక్కోకూడదు. అందుకు ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. పాత్ర వర్గం అంటే ఏమిటి?

బల్ల దగ్గర ఆడే పాత్రాభినయ ఆటలో ప్రతి ఆటగాడూ ఒక కల్పిత వ్యక్తిగా మాట్లాడతాడు, నిర్ణయాలు తీసుకుంటాడు. ఆ వ్యక్తి ఏ పనిలో శిక్షణ పొందాడు, ఏయే శక్తులున్నాయి, అనుభవం పెరిగేకొద్దీ ఏం నేర్చుకుంటాడు అని చెప్పే నియమాల సముదాయాన్ని పాత్ర వర్గం అంటారు. ఆటగాళ్ళ వాడుకలో దీని పేరు 'క్లాస్'.

పాత్ర వర్గం మూడు పనులు చేస్తుంది. మొదటిది, కొత్తగా వచ్చినవారికి 'నేను ఎవరిని?' అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఇస్తుంది. రెండవది, జట్టులో పని విభజన చేస్తుంది. ఒకరు ముందు నిలబడి దెబ్బలు కాస్తారు, ఒకరు దూరం నుంచి మంత్రం వేస్తారు, ఒకరు గాయపడినవారిని లేపుతారు. మూడవది, ఎదుగుదలకు దారి చూపుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ కూర్పులో ఈ దారి 1వ స్థాయి నుంచి 20వ స్థాయి వరకు సాగుతుంది.

ఈ మూడింటిలో రెండవ పనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. వర్గం అంటే శక్తుల పట్టిక మాత్రమే కాదు. జట్టులోని మిగిలినవారితో అది ఒక ఒప్పందం కూడా. 'ఈ పని నాది, ఆ పని నీది' అని అది చెబుతుంది. కొత్త వర్గాన్ని చేర్చడం అంటే ఆ ఒప్పందాన్ని తిరగరాయడమే.

3. మూడు వర్గాల నుంచి పన్నెండు వర్గాల దాకా

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో వెలువడింది. అందులో మూడే వర్గాలుండేవి: ఆయుధాలతో పోరాడే ఫైటింగ్ మ్యాన్, మంత్రాలు వేసే మ్యాజిక్ యూజర్, దైవశక్తితో గాయాలు మాన్పే క్లెరిక్. ఈ మూడవ వర్గం కూడా ఒక అవసరం నుంచి పుట్టిందని ఆట చరిత్ర తెలిసినవారు చెబుతారు. ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో ఒక ఆటగాడి రక్తపిశాచి పాత్ర మరీ బలపడిపోయింది. దానికి పోటీగా, పిశాచాలను తరిమే శక్తి ఉన్న పాత్ర అవసరమైంది. అదే క్లెరిక్‌కు మూలం.

మరుసటి ఏడాది నుంచే అనుబంధ పుస్తకాలు రావడం మొదలైంది. 1975లో వచ్చిన గ్రేహాక్ అనుబంధం థీఫ్, పాలడిన్ వర్గాలను చేర్చింది. అదే ఏడాది వచ్చిన బ్లాక్‌మూర్ అనుబంధం మంక్, అసాసిన్ వర్గాలను, 1976లో వచ్చిన ఎల్‌డ్రిచ్ విజార్డ్రీ అనుబంధం డ్రూయిడ్‌ను చేర్చాయి. రేంజర్, ఇల్యూజనిస్ట్, బార్డ్ వర్గాలు ఆ సంస్థ నడిపిన 'ది స్ట్రటీజిక్ రివ్యూ' పత్రికలో మొదట అచ్చయ్యాయి. అంటే, ఆట పుట్టిన రెండేళ్ళలోనే వర్గాల సంఖ్య మూడింతలు దాటింది.

చేరిన ప్రతి వర్గమూ నిలవలేదు. 1989లో వచ్చిన రెండవ కూర్పు ప్రధాన పుస్తకంలో మంక్, అసాసిన్ వర్గాలకు చోటు దక్కలేదు. 2000లో వచ్చిన మూడవ కూర్పులో మంక్ తిరిగి వచ్చింది. ఆ కూర్పు ప్రధాన పుస్తకంలో 11 వర్గాలు, 2014లో వచ్చిన ఐదవ కూర్పులో 12 వర్గాలు ఉన్నాయి. యాభై ఏళ్ళలో ఎందరో ఎన్నో వర్గాలను రాసినా, ప్రధాన పుస్తకంలో ఈ సంఖ్య పెద్దగా పెరగలేదని గమనించండి. దీనికి కారణం తరువాతి భాగంలో తెలుస్తుంది.

4. దొంగ నేర్పిన పాఠం

గ్రేహాక్ అనుబంధంలోని థీఫ్, అంటే దొంగ, చాలామందికి నచ్చిన వర్గం. తాళాలు తీయడం, ఉచ్చులను పనిచేయకుండా చేయడం, చప్పుడు లేకుండా నడవడం, నీడల్లో దాక్కోవడం దాని ప్రత్యేకతలు. ఒక్కొక్క పనికీ నూటికి ఇంత అవకాశం అని నియమం రాశారు.

అంతకుముందు ఈ పనులు ఎవరు చేసేవారు? అందరూ చేసేవారు. ఫైటింగ్ మ్యాన్ ఆడుతున్న వ్యక్తి 'నేను కర్రతో ముందున్న రాళ్ళను తట్టి చూస్తూ నడుస్తాను' అని చెబితే, ఉచ్చు బయటపడిందో లేదో నిర్వాహకుడు ఆలోచించి తేల్చేవాడు. మ్యాజిక్ యూజర్ స్తంభం చాటున దాక్కుంటానంటే దాక్కోనిచ్చేవారు. దొంగ వచ్చిన తరువాత ఒక సందేహం పుట్టింది. దాక్కోవడం దొంగ ప్రత్యేకత అయితే మిగిలినవారు దాక్కోవచ్చా? చాలా బల్లల దగ్గర 'దాక్కోలేరు' అనే జవాబే స్థిరపడింది. పైగా మొదటి స్థాయి దొంగకు నీడల్లో దాక్కునే అవకాశం నూటికి 10 మాత్రమే. అంటే కొత్త నియమం వల్ల మిగిలినవారు ఒక పనిని కోల్పోయారు, దాన్ని పొందిన దొంగ కూడా పదిసార్లలో తొమ్మిదిసార్లు విఫలమవుతాడు.

దీని నుంచి రూపకల్పనకు సంబంధించిన మొదటి సూత్రం వస్తుంది: ఒక వర్గానికి 'ఇది చేయగలరు' అని రాసిన ప్రతి వాక్యమూ, రాయకుండానే, మిగిలిన వర్గాలకు 'ఇది చేయలేరు' అని చెబుతుంది. కాబట్టి అందరూ చేయగలిగే పనిని తీసుకుని ఒకరికే ఇవ్వకండి. అదే పనిని మరింత బాగా, మరింత వేగంగా, లేదా ఇతరులకు వీలుకాని పరిస్థితిలో చేసే శక్తిని ఇవ్వండి. 'నీడలో దాక్కోగలడు' అనే దానికంటే 'ఇతరులకు దాక్కునే వీలులేని మసక వెలుతురులో కూడా దాక్కోగలడు' అనేది మంచి నియమం.

రెండవ సూత్రాన్ని 1985 నాటి అన్‌అర్త్‌డ్ ఆర్కానా పుస్తకంలోని బార్బేరియన్ వర్గం నుంచి నేర్చుకోవచ్చు. ఈ పాత్రకు మంత్రశక్తి అంటే గిట్టదు. తక్కువ స్థాయిల్లో మాంత్రికులకు దూరంగా ఉండాలి. మంత్ర వస్తువులను నాశనం చేస్తే అనుభవ పాయింట్లు వస్తాయి. కథగా చూస్తే ఇది ఆసక్తికరమైన స్వభావమే. కానీ జట్టులో మాంత్రికుడు తప్పక ఉండే ఆటలో, సాటివారికి దొరికిన మంత్ర ఖడ్గాన్ని విరగ్గొడితే లాభం వచ్చే పాత్ర వల్ల ఏం జరుగుతుందో ఊహించండి. వర్గానికి బలహీనత ఉండాలి. అయితే ఆ బలహీనత ఖరీదును దాన్ని ఎంచుకున్న ఆటగాడే చెల్లించాలి, పక్కవారు కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

(అ) 1974 నాటి ఆటలోని మూడు వర్గాలు ఏవి?
(ఆ) 'మా కొత్త వర్గానికి మాత్రమే ఈత వచ్చు' అనే నియమంలో లోపమేమిటి? దాన్ని ఎలా మారుస్తారు?

5. కొత్త వర్గం నిజంగా అవసరమా?

ఒక కొత్త ఆలోచన వచ్చినప్పుడు వెంటనే 20 స్థాయిల పట్టిక గీయకండి. మీ ముందు మూడు దారులున్నాయి.

(1) పేరు, వర్ణన మార్చడం: నియమాలు అవే ఉంటాయి. మాంత్రికుడు విసిరే నిప్పు బాణాన్ని రసాయన సీసాగా వర్ణిస్తే రసవాది తయారవుతాడు. దీనికి అయ్యే శ్రమ చాలా తక్కువ.

(2) ఉపవర్గం: ఉన్న వర్గాన్ని ఉంచి, కొన్ని స్థాయిల్లో వచ్చే శక్తులను మాత్రమే మార్చడం. గ్రేహాక్‌లో పాలడిన్ వచ్చింది కూడా ఫైటింగ్ మ్యాన్‌కు ఉపవర్గంగానే. ఐదవ కూర్పులో ప్రతి వర్గానికీ ఉపవర్గాలుంటాయి.

(3) పూర్తి వర్గం: కొత్త రకం నిర్ణయాలు, కొత్త రకం వనరు, కొత్త పని విభజన అవసరమైనప్పుడు మాత్రమే ఈ దారి పట్టాలి.

ఈ విచక్షణ ఎందుకు ముఖ్యమో తెలిపే రెండు ఉదాహరణలు చూద్దాం. 2004లో ఎబెరాన్ అనే కల్పిత ప్రపంచం వెలువడింది. అందులో మంత్రశక్తి ఒక పరిశ్రమలాంటిది. మంత్రంతో రైళ్ళు నడుస్తాయి, దీపాలు వెలుగుతాయి. ఆ ప్రపంచంలో మంత్ర యంత్రాలను తయారుచేసే పనివాడు లేకపోతే వెలితిగా ఉంటుంది. అప్పటికి ఉన్న వర్గాల్లో ఏదీ ఆ పనిని సరిగా చేయలేదు. అందువల్ల ఆర్టిఫిసర్ అనే పూర్తి వర్గం వచ్చింది. 2019లో ఐదవ కూర్పు నియమాలతో వచ్చిన ఎబెరాన్ పుస్తకంలో కూడా దానికి చోటు దక్కింది.

రెండవ ఉదాహరణ మిస్టిక్. మనోశక్తితో పనిచేసే ఈ వర్గాన్ని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2015 నుంచి 2017 వరకు పలు రూపాల్లో ఆటగాళ్ళ ముందు పరీక్షకు పెట్టింది. అది మరీ విశాలమైంది. యోధుడి పనీ, మాంత్రికుడి పనీ, గూఢచారి పనీ అదే చేయగలదు. ఇతర వర్గాల పరిధిలోకి చొరబడుతోందన్న కారణంతో చివరికి రూపకర్తలు దాన్ని విరమించుకున్నారు. అయితే ఆలోచన వృథా కాలేదు. 2020లో వచ్చిన టాషాస్ కాల్‌డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ పుస్తకంలో మనోశక్తి గల యోధుడు, మనోశక్తి గల రోగ్, మనోశక్తి గల సోర్సరర్ అనే మూడు ఉపవర్గాలుగా మారింది. అనుభవజ్ఞులైన రూపకర్తలు కూడా ఏళ్ళ తరబడి చేసిన పనిని పక్కన పెట్టవలసి వచ్చిందంటే, మీ మొదటి ప్రతి సరిగా కుదరకపోతే నిరాశపడవలసిన పనిలేదు.

6. రూపకల్పనలోని మెట్లు

పూర్తి వర్గమే కావాలని నిర్ణయించుకున్నాక ఈ క్రమంలో సాగండి.

మొదటి మెట్టు: వర్గాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యంలో శక్తి పేరు కాదు, చేసే పని ఉండాలి.
రెండవ మెట్టు: ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో రాసి, మీ వర్గం దాన్ని ఎలా వేరుగా చేస్తుందో చెప్పండి.
మూడవ మెట్టు: ఆటగాడు తన వంతు వచ్చినప్పుడు ఏ రెండు మూడు పనుల మధ్య ఎంచుకుంటాడో చూడండి. ఎంపిక లేకపోతే విసుగు పుడుతుంది.
నాలుగవ మెట్టు: ఏది చేయలేదో రాయండి.
ఐదవ మెట్టు: మొదటి మూడు స్థాయిలను మాత్రమే రాసి, లెక్క చూసి, ఆడి చూడండి. మిగిలిన 17 స్థాయిలు తరువాత.

7. ఉదాహరణ: మూలికా వైద్యుడు

పై మెట్లను ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. మనం తయారుచేసే వర్గం పేరు మూలికా వైద్యుడు. ఒక్క వాక్యంలో: 'మంత్రం లేకుండా, ఆకులూ వేర్లతో జట్టును ప్రయాణానికి నిలబెట్టే వ్యక్తి.' గాయాలు మాన్పే పని ఇప్పుడు ప్రధానంగా క్లెరిక్‌ది. కాబట్టి పోలిక క్లెరిక్‌తోనే చేయాలి.

మొదటి ప్రతి: వైద్యుడు రోజుకు 5 సార్లు, పోరాటం మధ్యలో కూడా, పసరు కట్టు కట్టి 8 ముఖాల పాచిక విలువకు 3 కలిపి అన్ని హిట్ పాయింట్లు తిరిగి ఇస్తాడు.

8 ముఖాల పాచిక సగటు 4.5. దానికి 3 కలిపితే 7.5. ఐదుసార్లకు 37.5.

2014 నియమాల ప్రకారం మొదటి స్థాయి క్లెరిక్ మొదటి తరగతి మంత్రాలను రోజుకు 2 సార్లు మాత్రమే వేయగలడు. గాయం మాన్పే మంత్రానికి అదే పాచిక, అతని జ్ఞానం విలువ +3 అనుకుంటే సగటు 7.5. రెండుసార్లకు 15. అంటే మన వైద్యుడు క్లెరిక్ కంటే రెండున్నర రెట్లు ఎక్కువ మాన్పుతున్నాడు. ఈ వర్గం బల్ల దగ్గరకు వస్తే క్లెరిక్ ఆడేవారికి ఆ పని మిగలదు.

రెండవ ప్రతి: కట్టు కట్టడానికి 10 నిమిషాలు పడుతుంది, పోరాటం ముగిశాకే వీలవుతుంది. రోజుకు 3 సార్లు. 6 ముఖాల పాచికకు 3 కలపాలి.

6 ముఖాల పాచిక సగటు 3.5. దానికి 3 కలిపితే 6.5. మూడుసార్లకు 19.5. మొత్తం క్లెరిక్ కంటే కొంచెం ఎక్కువే. అయితే పోరాటంలో కూలిపోయిన మిత్రుడిని అక్కడికక్కడే లేపగలిగేది క్లెరిక్ ఒక్కడే. వైద్యుడు ఆ తరువాతి దారి సులువు చేస్తాడు. ఇద్దరూ ఒకే జట్టులో ఉన్నా ఇద్దరికీ పని ఉంటుంది.

ఇప్పుడు మరో సమస్య. పోరాటం జరుగుతున్నంతసేపూ వైద్యుడు ఏం చేస్తాడు? అతనికి ఘాటైన పొడి చల్లే శక్తి ఇద్దాం. పొడి పడిన శత్రువు తన తరువాతి దెబ్బకు 20 ముఖాల పాచికను రెండుసార్లు వేసి తక్కువ వచ్చిన విలువను తీసుకోవాలి. శత్రువు సగంసార్లు దీన్ని తట్టుకుంటాడనుకుందాం.

చదవడానికి ఇది గట్టి శక్తిలా కనిపిస్తుంది. లెక్క చూద్దాం. శత్రువుకు దెబ్బ తగిలే అవకాశం 60 శాతం, తగిలితే 5 పాయింట్ల నష్టం అనుకోండి. సగటు నష్టం 3. పాచిక రెండుసార్లు వేస్తే తగిలే అవకాశం 0.6 × 0.6, అంటే 36 శాతం. సగటు నష్టం 1.8. తేడా 1.2. పొడి సగంసార్లే పనిచేస్తుంది కాబట్టి ఆదా అయ్యేది 0.6 మాత్రమే.

ఇక యోధుడి సంగతి. అతని కత్తి దెబ్బ సగటు 7.5, తగిలే అవకాశం 65 శాతం. ఒక్క వంతులో సగటున 4.875 నష్టం చేస్తాడు. వైద్యుడు తన వంతంతా పొడి చల్లడానికే ఖర్చు చేస్తే జట్టుకు దాదాపు ఏమీ చేయనట్టే. ఆడేవారికి ఈ లెక్క తెలియకపోయినా, తమ వంతు వల్ల ఏమీ జరగడం లేదని తెలుస్తుంది.

మూడవ ప్రతి: పొడి చల్లడాన్ని బోనస్ చర్యగా మార్చుదాం. అంటే వైద్యుడు అదే వంతులో చిన్న విల్లుతో బాణం కూడా వేయవచ్చు. పొడి ప్రతి పోరాటానికి 3 సార్లే.

బాణం సగటు నష్టం 5.5, తగిలే అవకాశం 60 శాతం అయితే ఫలితం 3.3. పొడి వల్ల ఆదా 0.6. మొత్తం 3.9. ఇది యోధుడి 4.875లో నూటికి 80 వంతు. గాయాలు మాన్పే శక్తి కూడా ఉన్న వర్గానికి ఇది తగిన స్థానమే.

ఒక్క దెబ్బకు సగటున 13 పాయింట్ల నష్టం చేసే ఓగర్ ఎదురైతే? అవకాశాలు అవే అనుకుంటే ఆదా 13 × 0.24 × 0.5 = 1.56. మొత్తం 4.86. అంటే ఒకే పెద్ద శత్రువు ముందు వైద్యుడు యోధుడికి దాదాపు సమానం, చిన్న శత్రువుల గుంపు ముందు కొంత వెనుక. ఎవరిమీద పొడి చల్లాలి అనే నిజమైన ఎంపిక ఆటగాడి చేతికి వచ్చింది. లెక్క వల్ల వర్గానికి ఒక స్వభావం కూడా ఏర్పడింది.

గమనిక: పై లెక్కల్లో పాచికపై 20 పడినప్పుడు వచ్చే రెట్టింపు దెబ్బను వదిలేశాం. మీరు దాన్ని కూడా చేర్చి చూడండి.

8. ఆడి చూడటం

లెక్క సగం పని మాత్రమే చేస్తుంది. ఒక శక్తి ఎంత బలమైనదో లెక్క చెబుతుంది, దాన్ని వాడటం సరదాగా ఉందో లేదో బల్ల దగ్గరే తెలుస్తుంది.

మీరు తయారుచేసిన వర్గాన్ని మీరే ఆడకండి. మరొకరికి కాగితం ఇచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. వారు అడిగే ప్రతి ప్రశ్నా మీ రాతలోని ఒక లోపం. ఎవరు ఎంతసేపు ఏ పనీ లేకుండా కూర్చున్నారో రాసుకోండి. ఆట ముగిశాక కొత్త వర్గం ఆడినవారిని కాదు, ముందుగా పక్కవారిని అడగండి: 'మీ పాత్రకు ఈ రోజు పని దొరికిందా?' ఒక్కో ఆటకు ఒక్క మార్పే చేయండి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పై స్థాయిల్లో మళ్ళీ పరీక్షించండి. ఐదవ కూర్పులో 5వ స్థాయి ఒక పెద్ద మలుపు. యోధుడికి ఒక వంతులో రెండవ దెబ్బ వస్తుంది. మాంత్రికుడికి అగ్నిగోళం వంటి మూడవ తరగతి మంత్రాలు వస్తాయి. అక్కడ మన వైద్యుడి పొడి మారకపోతే 80 శాతం కాస్తా సగానికి పడిపోతుంది. అందువల్ల ఆ స్థాయిలో అతనికీ ఒక మెట్టు కట్టాలి.

మీ వర్గాన్ని అచ్చు వేయాలనుకుంటే ఒక విషయం తెలుసుకోండి. ఐదవ కూర్పు మూల నియమాల పత్రం 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే ఆ పత్రంలోని నియమాలను మీ రచనలో వాడుకోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

(అ) శత్రువుకు దెబ్బ తగిలే అవకాశం 80 శాతం అయితే, పాచిక రెండుసార్లు వేసి తక్కువ విలువ తీసుకున్నప్పుడు అవకాశం ఎంత?
(ఆ) మూలికా వైద్యుడి మొదటి ప్రతిలో లోపాన్ని ఏ పోలిక బయటపెట్టింది?

9. సారాంశం

పాత్ర వర్గం జట్టులోని పని విభజనను నిర్ణయిస్తుంది. 1974లో మూడు వర్గాలతో మొదలైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అనుబంధాల ద్వారా, పత్రిక ద్వారా కొత్త వర్గాలు చేరాయి. ఒక వర్గానికి ఇచ్చిన శక్తి ఇతరుల స్వేచ్ఛను తగ్గించవచ్చని దొంగ వర్గం, బలహీనత ఖరీదు పక్కవారి మీద పడకూడదని బార్బేరియన్ వర్గం తెలియజేస్తాయి. పేరు మార్పు, ఉపవర్గం సరిపోనప్పుడే పూర్తి వర్గానికి పూనుకోవాలి. రాసిన వర్గాన్ని సగటు లెక్కతో తూచి, ఇతరుల చేత ఆడించి సరిదిద్దాలి. కొత్త వర్గం వచ్చిన తరువాత కూడా బల్ల చుట్టూ ఉన్న అందరూ వచ్చే వారం మళ్ళీ రావాలనుకుంటే ఆ వర్గం విజయవంతమైనట్లు.

10. సమాధానాలు

1. (అ) ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. (ఆ) అందరూ ప్రయత్నించగల పనిని ఒకరికే పరిమితం చేస్తోంది. 'కవచంతో కూడా, వరద నీటిలో కూడా ఈదగలరు' వంటి నియమంగా మార్చవచ్చు.
2. (అ) 0.8 × 0.8 = 0.64, అంటే 64 శాతం. (ఆ) క్లెరిక్ ఒక రోజులో మాన్పగల మొత్తంతో చేసిన పోలిక.

11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కొత్త పాత్ర వర్గం వల్ల పాత వర్గాలకు కలిగే నష్టాన్ని తగిన ఉదాహరణలతో చర్చించండి.
2. మీకు నచ్చిన ఒక పాత్ర వర్గానికి మొదటి మూడు స్థాయిలు రూపొందించి, సగటు లెక్కతో సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మిస్టిక్ వర్గం మూడు ఉపవర్గాలుగా ఎందుకు మారింది?
2. వర్గాన్ని తయారుచేసినవారే దాన్ని ఆడి పరీక్షించకూడదు. ఎందుకు?